బసవపున్నయ్య గారి అబ్బాయి కట్టే ఇల్లు

మా మనవరాలు కీర్తనకి నాలుగో అంతస్తులో ఇల్లు కావాలి. రెండోది వద్దు, మూడోది వద్దు, నాలుగోదే కావాలంటుంది. దానికో కారణం ఉంది. బుడమేరు వరదప్పుడు మేం సింగ్‌నగర్‌లో కింది వాటాలో అద్దెకుండేవాళ్ళం. ఇప్పటికీ అక్కడే ఉంటున్నాం. ఆ రోజు పొద్దున లేచి మంచం మీంచి కాలు కింద పెడితే నీళ్ళు. కాఫీ పెట్టుకునే లోపల పొయ్యి మునిగింది. పక్కవాళ్ళ డాబా మీద నాలుగు రోజులున్నాం. పడవ మీద పాల ప్యాకెట్లు తెచ్చి విసిరితే పట్టుకున్నాం. దిగి వచ్చేసరికి కీర్తన సర్టిఫికెట్లు, పెళ్ళి ఆల్బం, స్కూలు పిల్లల పరీక్ష పేపర్లు అన్నీ ఒకటే ముద్ద. అది ఏడవలేదు. చీపురు తీసుకుని బురద తోస్తూ, "తాతయ్యా, ఇక నేను నేల మీద కాపురం చెయ్యను" అంది. అంతే, మళ్ళీ ఆ మాట ఎత్తలేదు, మర్చిపోనూ లేదు.

కీర్తన ప్రైవేటు స్కూల్లో టీచరు. దాని భర్త లక్ష్మీకాంత్ ఆటోనగర్‌లో లారీ స్పేర్ పార్టులు అమ్మే షాపులో పనిచేస్తాడు. నెమ్మదైన మనిషి. మా ఆవిడ రావమ్మ పోయినప్పటి నుంచి నేను వీళ్ళ దగ్గరే ఉంటున్నాను. నాకు చదువు నాలుగో తరగతి దాకానే. ముప్పై నాలుగేళ్ళు కాలువల మీద లస్కరుగా చేశాను. లస్కరంటే పెద్ద ఉద్యోగమేం కాదు. తూము షట్టర్లు ఎత్తాలి, దించాలి. ఎవరి వంతు నీళ్ళు వాళ్ళకి వదలాలి. గట్టుకి గండి పడకుండా తిరుగుతూ ఉండాలి. ఆ తిరగడంతోనే మోకాళ్ళు అరిగిపోయాయి.

ఎనిమిది నెలలు ఆదివారం వస్తే చాలు, అపార్ట్‌మెంట్లు చూడటమే పని. మొత్తం పదకొండు చూశాం. ఒక చోట గాలి లేదు. ఒక చోట గోడ మీద గోరు పెట్టి గీస్తే ఇసక రాలింది. ఒక చోట అన్నీ బాగున్నాయి కానీ స్థలం మీద కోర్టు కేసుందని వకీలు చెప్పాడు. మెట్లెక్కి దిగి, ఎక్కి దిగి, ఇంటికొచ్చి కాళ్ళకి నవరత్న తైలం రాసుకుని పడుకునేవాణ్ణి. నన్నెందుకు తిప్పుతారని అడిగితే కీర్తన, "నువ్వు చూస్తే నాకు ధైర్యం తాతయ్యా" అనేది. ఆ మాటకి మళ్ళీ లేచేవాణ్ణి.

పన్నెండోది కంకిపాడు ఇవతల, బందరు రోడ్డుకి కొంచెం లోపలికి ఉంది. పేరు పుణ్యవతి రెసిడెన్సీ. కడుతున్నాయన పేరు కిరీటి. కీర్తన తెచ్చిన రంగుల కాగితం చదువుతుంటే నేను గుమ్మంలో కూర్చుని చెప్పులు తుడుచుకుంటున్నాను.

"పుణ్యవతి వాళ్ళమ్మగారి పేరంట. వాళ్ళ నాన్న బసవపున్నయ్య గారంట, ఉయ్యూరు దగ్గర" అంది.

చేతిలో చెప్పు వదిలేశాను. "ఏ బసవపున్నయ్య? తూము పక్కనే పొలం ఉన్నాయనా?"

"నాకేం తెలుసు తాతయ్యా, నీకు తెలుసా?"

తెలియకపోవడమేంటి! ఒక ఏడాది కాలువలో నీళ్ళు సగానికి పడిపోతే వంతులు పెట్టారు. వంతుల కాలంలో మనుషులు మనుషుల్లా ఉండరు. చుట్టపువాడే చుట్టపువాడి మడికి గండి కొడతాడు. షట్టర్‌కి వేసిన తాళం నేను మూడుసార్లు మార్చాను, మూడుసార్లూ పగలగొట్టారు. బసవపున్నయ్య పొలం సరిగ్గా తూము పక్కనే. చెయ్యి చాపితే నీళ్ళు. అయినా తన వంతు కాని రోజు బోదె కాలువ వైపు చూసేవాడు కాదు. పైగా ఇంకొకళ్ళు ముట్టకుండా తాళం దగ్గర గొడుగేసుకుని కూర్చునేవాడు. తన నారుమడి ఎండిపోతున్నా కూర్చున్నాడు. అది నేను కళ్ళారా చూశాను.

అదంతా చెప్పాను. కీర్తన మొహం వెలిగింది. లక్ష్మీకాంత్, "కాగితాలన్నీ సరిగానే ఉన్నాయి తాతగారూ. వకీలు చూశాడు. రెరా నంబరుంది. బ్యాంకు వాళ్ళు లోన్ ఇస్తామన్నారు. ఇక మనిషి ఎలాంటివాడో తెలిస్తే సరిపోతుంది" అన్నాడు.

"అది నాకొదిలెయ్" అన్నాను.

మర్నాడు బస్సెక్కి ఉయ్యూరు దాటి వాళ్ళ ఊరు వెళ్ళాను. చెరకు లారీల వెనక బస్సు నడుస్తూ ఆగుతూ పోయింది. టీ కొట్టు దగ్గర నాంచారయ్య దొరికాడు. నాకంటే రెండేళ్ళు చిన్న. ఒకప్పుడు నీళ్ళ కోసం నాతో రోజూ పోట్లాడేవాడు.

"ఏం లస్కరూ, బతికే ఉన్నావా?" అన్నాడు.

"ఉన్నాలే. నువ్వు పోతే కబురొచ్చుద్ది కదా, వచ్చి చూసి పోదామని ఆగా."

"అట్టాగే ఆగు. ఏంటిట్టా వచ్చావు?"

"బసవపున్నయ్య కొడుకు ఎట్టాంటోడు?"

"పిల్లనిస్తన్నావా ఏంటి? ఆడికి పెళ్ళయి ఇద్దరు పిల్లలు!"

"ఇల్లు కొంటన్నాం, ఆయన కట్టేది."

"ఇల్లా! అయితే ఇంకా గట్టిగా కనుక్కోవాలయ్యా. పిల్ల అయితే తేడా వస్తే పుట్టింటికొచ్చుద్ది. ఇల్లు ఎక్కడికొచ్చుద్ది?"

బల్ల మీద ఉన్నవాళ్ళందరూ నవ్వారు. తరవాత తలా ఒక మాట చెప్పారు. బసవపున్నయ్య ఎవరి దగ్గరా పైసా ఎగ్గొట్టలేదు. ఆ తల్లి చేతి అన్నం తినని కూలీ లేడు. పిల్లాడు తాగడు, పేకాడడు. పెద్దలు కనబడితే వంగి దణ్ణం పెడతాడు. మొన్న స్కూలుకి ప్రహరీ గోడ కట్టించాడు. ఇంటి మీద ఒక్క మచ్చ లేదు.

"ఆ కడుపున పుట్టినోడు తప్పు చెయ్యడు" అన్నాడు నాంచారయ్య.

సంబంధం ఖాయమైనట్టే తిరిగి బస్సెక్కాను. ఇంటికెళ్ళి, "కళ్ళు మూసుకుని కొనుక్కో అమ్మలూ" అని చెప్పాను. నా మాట మీద వాళ్ళు ఆ వారంలోనే టోకెన్ కట్టారు. అగ్రిమెంటు గురువారం అనుకున్నారు. ఆ రోజు పెద్ద మొత్తం ఇవ్వాలి. లక్ష్మీకాంత్ పీఎఫ్ తీశాడు. కీర్తన గాజులు, వాళ్ళమ్మ ఇచ్చిన గొలుసు అమ్మింది. మిగిలింది లోను. అదంతా పోతే మళ్ళీ కూడబెట్టుకునే వయసు వాళ్ళకున్నా ఓపిక ఉండదు.

ఆదివారం సైటుకి వెళ్ళాం. కిరీటి స్వయంగా ఎదురొచ్చాడు. నలభై ఉంటాయేమో, తెల్ల చొక్కా, వాళ్ళ నాన్న ముక్కే. నేను ఫలానా అని చెప్పగానే వంగి కాళ్ళకి దణ్ణం పెట్టాడు.

"లస్కరు బాబాయా! చిన్నప్పుడు నన్ను షట్టరు చక్రం మీద కూర్చోబెట్టి తిప్పావు గుర్తుందా?"

నాకు గుర్తు లేదు. కానీ ఎంతమంది పిల్లల్ని తిప్పానో, అందులో ఇతనూ ఉండే ఉంటాడు. కుర్చీ వేయించాడు, కొబ్బరిబోండం తెప్పించాడు. "బాబాయ్ మనవరాలంటే నా కూతురే" అని కీర్తన వైపు తిరిగి, "ఏది నచ్చితే అది తీసుకోమ్మా. నాలుగో అంతస్తులో తూర్పు వాకిలి నీకోసమే ఆపా" అన్నాడు.

లిఫ్టు ఇంకా పెట్టలేదు. నేను మెల్లగా, అంతస్తుకోసారి ఆగి ఎక్కాను. ఆ ఇంట్లో గోడలు లేచాయి గానీ తలుపులు లేవు. కీర్తన ఒక మూల నిలబడి, "మంచం ఇక్కడ" అంది. ఇంకో మూలకి వెళ్ళి, "తాతయ్య మంచం ఇక్కడ, బాత్‌రూమ్‌కి దగ్గర" అంది. బాల్కనీలోంచి చూస్తే వరిచేలు, దూరంగా కాలువ గట్టు. కీర్తన రెండు చేతులూ గోడ మీద ఆనించి కిందికి చూస్తూ చాలాసేపు నిలబడింది. వరద తరవాత దాని భుజాలు అంత కిందికి దిగడం నేను చూడలేదు.

నేను డాబా కూడా చూశాను. అక్కడ పిల్లర్ల ఇనప చువ్వలు తలెత్తు పొడుగున పైకి వదిలేసి ఉన్నాయి. ఎందుకని అడగలేదు. బసవపున్నయ్య కొడుకుని అడగడమేంటి అనిపించింది.

ఇంటికొచ్చాక లక్ష్మీకాంత్ నసిగాడు. "ఏమీ అనుకోకండి తాతగారూ. ఆయన ఇంతకు ముందు పెనమలూరులో ఒకటి కట్టాడంట. అది కూడా ఒకసారి చూసొస్తే బాగుండేది. నాకేమో సెలవు దొరకదు."

"టోకెన్ ఇచ్చాక ఇంకా చూసేదేముంది?" అన్నాను. నా మాట నమ్మలేదని కొంచెం కష్టమనిపించింది. నిజం చెప్పాలంటే కాళ్ళు నొప్పులు కూడా.

"పోనీలెండి" అన్నాడు.

ఆ పోనీలెండి నన్ను కూర్చోనివ్వలేదు. మంగళవారం పొద్దున బయల్దేరాను.

పెనమలూరులో ఆ బిల్డింగు దూరానికి బాగుంది. కొత్త రంగు, ముందు అశోక చెట్లు. కింద కార్లు పెట్టుకునే చోట సిమెంటు అరుగుంటే కూర్చున్నాను. చెమట ఆరాక లేచి చూద్దామనుకున్నాను. అంతలో ఒకావిడ బయట నుంచి వచ్చింది. అరవై దాటి ఉంటాయి, తల మీద చున్నీ. చేతిలో ఇరవై లీటర్ల నీళ్ళ క్యాను. నాలుగడుగులు వేసి కింద పెడుతుంది, ఊపిరి తీసుకుంటుంది, మళ్ళీ ఎత్తుతుంది. మెట్ల దగ్గరికొచ్చేసరికి ఆగిపోయి నా పక్కన కూర్చుంది.

"లిఫ్టు లేదామ్మా?" అని అడిగాను.

"పేరుకి ఉందన్నా. పాడై ఏడాదైంది" అంది.

"ఎన్నో అంతస్తు?"

"నాలుగు."

"కుళాయి నీళ్ళు రావా?"

"బోరు నీళ్ళొస్తాయి, నోట్లో పోసుకుంటే ఉప్పు. ఆ నీళ్ళతో అన్నం వండితే పచ్చబడుద్ది. మంచినీళ్ళ కుళాయి ఇయ్యలేదు." ఆవిడ చున్నీ అంచుతో మొహం తుడుచుకుంది. "మీరెవరింటికి వచ్చారు?"

"ఎవరింటికీ కాదు. ఇదే బిల్డరు దగ్గర మా మనవరాలు ఇల్లు కొంటంది. చూద్దామని వచ్చా."

ఆవిడ నన్ను తేరిపార చూసింది. తన పేరు జైతూన్ బీ అని చెప్పింది. భర్త మహమ్మద్‌కి ఆటోనగర్‌లో మెకానిక్ షెడ్డు ఉండేదట. ఆ షెడ్డు అమ్మి ఇది కొన్నారట. ఆయనకి నడుం పడిపోయింది. లిఫ్టు ఆగినప్పటి నుంచి కిందికి దిగలేదట.

"కుళాయి ఎందుకియ్యలేదు?" అని అడిగాను. నీళ్ళ సంగతి వస్తే నేను ఊరుకోలేను.

"ప్లాన్లో నాలుగంతస్తులే అన్నా. ఈయన ఐదోది కూడా వేసి అమ్ముకున్నాడు. ఆ ఐదోది ఉన్నందుకు, కట్టడం పూర్తయిందని ఆఫీసు వాళ్ళు సర్టిఫికెట్ ఇయ్యట్లేదు. సర్టిఫికెట్ లేకపోతే కుళాయి లేదు. జుర్మానా కట్టి తెచ్చుకోవాల్సింది ఈయన. కట్టడు. పైనున్న వాళ్ళు మమ్మల్ని చూస్తే తల దించుకు పోతారు. వాళ్ళ తప్పేముంది, వాళ్ళూ డబ్బులిచ్చే కొన్నారుగా."

"ఫోన్ చేస్తే ఎత్తడా?"

"అయ్యో, ఎత్తుతాడు! అబద్ధం ఎందుకు చెప్పాలి. మొదటి రింగుకే ఎత్తుతాడు. ‘పిన్నీ, వచ్చే నెల అయిపోద్ది పిన్నీ’ అంటాడు. నాలుగేళ్ళైంది. నెలలు మారాయి గానీ పిన్నీ అనడం మాత్రం మానలేదు." ఆవిడ నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

"ఏం చూసి కొన్నారమ్మా?" అన్నాను.

"మా ఆయన గట్టి మనిషి అన్నా, ఊరికే కొనే రకం కాదు. పనిగట్టుకుని ఉయ్యూరెళ్ళి కనుక్కొచ్చాడు. వాళ్ళ నాన్న దేవుడంటి మనిషంట. నీళ్ళు లేనప్పుడు కూడా పరాయోడి వంతు ముట్టుకోలేదంట. అట్టాంటి ఇంట్లో పుట్టినోడు మోసం చెయ్యడని మా ఆయనే నాకు ధైర్యం చెప్పాడు."

నేను పనిలో ఉన్న రోజుల్లో కొత్త సూపర్‌వైజరు ఎవరొచ్చినా ఒకటే చెప్పేవాణ్ణి. సార్, తూము దగ్గర నుంచుని నీళ్ళు బాగా పారుతున్నాయని రాసుకోకండి, తూము దగ్గర ఎప్పుడూ బాగానే పారతాయి, శివారుకి పోయి ఆఖరి మడి రైతుని అడగండి అని. కొందరు వినేవారు, కొందరు బూట్లకి బురదవుతుందని వెళ్ళేవారు కాదు. నేను మాత్రం ఎన్ని మైళ్ళైనా శివారు దాకా నడిచి చూస్తే గాని నీళ్ళు అందాయని పుస్తకంలో సంతకం పెట్టేవాణ్ణి కాదు. ముప్పై నాలుగేళ్ళు చేసిన పని అది. మా పిల్ల ఇల్లు కొనేటప్పుడు మాత్రం తూము దగ్గరే టీ తాగి వచ్చేశాను.

క్యాను నేనందుకోబోతే ఆవిడ వద్దంది. "మీ మోకాళ్ళు నాకు కనబడతానే ఉన్నాయి. మీరు పోయి మీ మనవరాలికి చెప్పండి" అంది. మొదటి మలుపు దాకా ఆవిడ చెప్పుల చప్పుడు వింటూ కూర్చున్నాను.

ఆ రోజు ఇంటికొచ్చి చెప్పలేకపోయాను. కీర్తన స్కూలు నుంచి వచ్చి కర్టెన్ల గురించి మాట్లాడింది. అన్నం తిన్నాను, పడుకున్నాను. బుధవారం సాయంత్రం, అది కూరగాయలు తరుగుతుంటే దగ్గరికెళ్ళి కూర్చుని చెప్పాను. నేను మాట్లాడేది నెమ్మదిగా. ఒక్కో మాట వెతుక్కుని చెప్పేసరికి అది బెండకాయలన్నీ తరగడం పూర్తి చేసింది. ఆఖర్న కత్తి కింద పెట్టింది.

"నువ్వే కదా తాతయ్యా కళ్ళు మూసుకుని కొనుక్కోమంది!"

"నేనే అన్నాను."

"మరి ఇప్పుడు కళ్ళు తెరుచుకోమంటావా? గాజులు అమ్మేశాను. హౌస్ ఓనర్‌కి ఖాళీ చేస్తామని చెప్పేశాను. స్కూల్లో అందరికీ స్వీట్లు కూడా పంచాను!"

"స్వీట్లు ఎందుకు పంచావే?"

"నాకు సంతోషమేసి పంచాను!" అని అరిచింది. నా మనవరాలు నా మీద అరవడం అదే మొదలు. లక్ష్మీకాంత్ లోపల నుంచి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ‘నేను ముందే చెప్పాను కదా’ అని అతను అనొచ్చు. అనలేదు. మంచినీళ్ళు తెచ్చి దాని ముందు పెట్టాడు.

కొంచెం సేపటికి కీర్తన, "అక్కడ జరిగిందని ఇక్కడా జరగాలని ఏముంది?" అంది.

"డాబా మీద చువ్వలు పైకి వదిలేసి ఉన్నాయి అమ్మలూ. ప్లాన్లో ఎన్ని అంతస్తులు?"

"ఐదు" అన్నాడు లక్ష్మీకాంత్.

"వేసింది ఐదూ అయిపోయాయి. ఆ చువ్వలు ఆరో దానికి."

కీర్తన మళ్ళీ కత్తి తీసుకుని, తరిగిన ముక్కల్నే ఇంకా చిన్నగా తరగడం మొదలుపెట్టింది. "రేపు నువ్వు కూడా రా" అంది నా వైపు చూడకుండా. "నువ్వే అడుగు ఆయన్ని. నా ముందే అడుగు."

గురువారం ముగ్గురం కిరీటి ఆఫీసుకి వెళ్ళాం. ఏసీ గది. గోడ మీద బసవపున్నయ్య ఫొటో, దండ వేసి ఉంది. గొడుగు లేదు గానీ అదే మొహం. టేబుల్ మీద స్టాంపు కాగితాలు సిద్ధంగా పెట్టారు.

"రా బాబాయ్, రా. కూర్చోమ్మా" అన్నాడు కిరీటి.

"పెనమలూరు వెళ్ళొచ్చాను నాయనా" అన్నాను.

అతని మొహం మారలేదు. "రంగు బాగుందా? మొన్ననే వేయించా."

"రంగు బాగుంది. నీళ్ళు లేవు."

"అదా! అది వేరు బాబాయ్. అప్పట్లో నేను కొత్త. పార్టనర్ మాట విని ఒక ఫ్లోరు ఎక్కువ వేశాం. వచ్చే నెల క్లియర్ అయిపోద్ది."

"మరి ఇక్కడ పైన చువ్వలు ఎందుకు వదిలావు?"

"వాటర్ ట్యాంకుకి."

"ట్యాంకుకి పద్దెనిమిది పిల్లర్లా?"

కిరీటి నవ్వాడు. చెడ్డ నవ్వు కాదు. దొరికిపోయిన చిన్నపిల్లాడి నవ్వు. "బాబాయ్, అందరూ వేస్తారు. ఎవరు వెయ్యట్లేదో చూపించు. కొన్నాళ్ళాగితే గవర్నమెంటే డబ్బు కట్టించుకుని సరిచేస్తుంది. ఆగాలి, అంతే."

"ఎన్నాళ్ళు ఆగాలండీ?" అంది కీర్తన.

"ఏడాది, రెండేళ్ళు... నీకెందుకమ్మా, నేనున్నాగా."

"అయితే ఒక మాట రాయండి. ఆఖరి వాయిదా డబ్బు, సర్టిఫికెట్టూ మంచినీళ్ళ కుళాయీ వచ్చాకే ఇస్తామని రాయండి. ఇప్పుడే సంతకం పెడతాను."

"అట్టా ఎవరూ రాయరమ్మా."

"మీరు రాయండి."

"నీకు రాస్తే రేపు ఇంకొకళ్ళు అడుగుతారు. అందరూ అట్టా డబ్బు ఆపితే నేను పని ఎట్టా నడపాలి?" ఆ మాట అతను మోసానికి చెప్పినట్టు లేదు. అలసిపోయి చెప్పినట్టుంది. అతని కళ్ళ కింద కూడా నలుపుంది. "బాబాయ్, నువ్వన్నా చెప్పు. మా నాన్న మొహం చూసన్నా..."

"మీ నాన్న మొహం చూసే ఇంతదూరం వచ్చాం నాయనా. ఆయన ఇల్లు కట్టలేదు. నువ్వు కడుతున్నావు."

కీర్తన ఆ కాగితాల వంక చూస్తూ కూర్చుంది. పై కాగితం మీద ఇంటి పటం ఉంది. నాలుగో అంతస్తు, తూర్పు వాకిలి. అది వేలితో ఆ గదుల్ని ఒకసారి తడిమింది, మంచం ఎక్కడో చూస్తున్నట్టు. పెన్నుకి మూత పెట్టి టేబుల్ మీద ఉంచింది.

"టోకెన్ ఎప్పుడిస్తారండీ?" అని లక్ష్మీకాంత్ అడిగాడు.

"ఇస్తాలే బాబూ. వచ్చే నెల ఫోన్ చెయ్యి."

మేం ముగ్గురం ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకోలేదు.

బయట వరండాలో కుర్చీల్లో ఒక కుటుంబం కూర్చుని ఉంది. ఒక కుర్రజంట, పక్కన నా ఈడు పెద్దాయన, ఖద్దరు చొక్కా, చేతికర్ర. మా తరవాత వంతు వాళ్ళది. కీర్తన ఆగకుండా రోడ్డు మీదికి వెళ్ళిపోయింది, లక్ష్మీకాంత్ దాని వెనకాలే వెళ్ళాడు. నేను చెప్పులు తొడుక్కోవడానికి వంగితే పెద్దాయన అడిగాడు.

"మీదైపోయిందాండీ? మేం గుడివాడ నుంచి వచ్చాం. ఈయన నాన్నగారు చాలా మంచాయనంట కదా. మా వియ్యంకుడు ఊరెళ్ళి కనుక్కొచ్చాడు."

నాకు చాలా నీరసంగా ఉంది. తలూపి వెళ్ళిపోవచ్చు. ఎవరి ఇల్లు వాళ్ళది. కానీ ఆ కుర్రపిల్ల ఒళ్ళో రంగుల కాగితం పెట్టుకుని, నా మొహం వైపే చూస్తోంది. ఆయన పక్క కుర్చీలో కూర్చున్నాను.

"మంచాయనేనండీ. నాకు బాగా తెలుసు" అన్నాను. "మీరు లోపలికి వెళ్ళేముందు పెనమలూరు వెళ్ళి రండి. ఇదే రోడ్డులో బస్సెక్కితే వస్తుంది. ఈయన కట్టిన బిల్డింగు ఎక్కడని అడిగితే చెప్తారు. నాలుగో అంతస్తులో జైతూన్ బీ అని ఉంటారు. ఆవిణ్ణి అడగండి."

"ఏం, ఏమైనా తేడానా?"

"నన్నడగొద్దు. నేను అడగాల్సిన చోట అడగలేదు. ఆవిణ్ణి అడగండి."

పెద్దాయన కొడుకు వైపు చూశాడు. కొడుకు చేతి గడియారం చూసుకున్నాడు. వెళ్తారో, ఎండలో ఎందుకని ఆగిపోతారో నాకు తెలియదు. లోపల నుంచి వాళ్ళని పిలిచారు. ఆ కుర్రపిల్ల లేవలేదు.

నేను రోడ్డు మీదికొచ్చేసరికి లక్ష్మీకాంత్ హౌస్ ఓనర్‌కి ఫోన్ చేసి, ఇంకొన్నాళ్ళు ఉంటామని బతిమాలుతున్నాడు. ఆయన అద్దె పెంచుతానంటున్నట్టున్నాడు, ఇతను సరేనండీ, సరేనండీ అంటున్నాడు. కీర్తన బస్టాపు నీడలో కూర్చుంది. పక్కన కూర్చున్నాను.

"నా మీద కోపమా?"

"ఉంది" అంది. కొంచెం ఆగి, "నువ్వు పెనమలూరు వెళ్ళకపోతే ఇవాళ సంతకం పెట్టేసేదాన్ని. అది తల్చుకుంటే భయమేస్తోంది. వెళ్ళకపోతే బాగుండేదని కూడా అనిపిస్తోంది."

"నాకూ అట్టానే ఉంది."

"వానాకాలం వచ్చేస్తోంది తాతయ్యా."

బస్సు వచ్చింది. నిండా జనం. ఎవరో కుర్రాడు లేచి నాకు సీటిచ్చాడు. కీర్తన నా భుజం మీద చెయ్యి వేసి నిలబడింది. పోరంకి దాటాక కిటికీలోంచి కొత్త అపార్ట్‌మెంటు ఒకటి కనబడింది. దాని మీద ఇల్లు అమ్మబడునని పెద్ద బోర్డు కట్టారు. కీర్తన వంగి ఆ బోర్డు చదువుతుంటే, చదవనిచ్చాను.

"ఇది కట్టేవాడు ఇంతకు ముందు ఎక్కడ కట్టాడో ముందు కనుక్కుందాం" అంది.

"ఆదివారం వెళ్దాం."

"ఈ ఆదివారం వద్దు. నాకు ఓపిక లేదు."

"సరే, పై ఆదివారం" అన్నాను.